ఫైలు లేదన్న మాట ఒక్కటే ఆపండి

షెల్ స్క్రిప్టు (లైనక్స్ కమాండ్లని వరసగా రాసి పెట్టిన ఫైలు) ఏదైనా రివ్యూకి వస్తే నేను ముందు వెతికేది 2>/డెవ్/నల్ ఎక్కడెక్కడ ఉందా అని. కమాండ్ ఇచ్చే ఎర్రర్ మెసేజ్‌లన్నీ ఎవరికీ కనబడకుండా పారేయమని దాని అర్థం. కనబడ్డ ప్రతి చోటా రాసినవాళ్ళని ఒకటే అడుగుతాను: ఇక్కడ ఏ ఎర్రర్ కనబడకూడదని పెట్టావు? జవాబు కూడా దాదాపు ఎప్పుడూ ఒకటే. "ఒక్కోసారి ఆ ఫైలు ఉండదన్నా. ఉండకపోయినా మనకేం నష్టం లేదు. ఊరికే మెసేజ్ వస్తోందని ఆపేశాను."

కారణం న్యాయమైనదే. చేసిన పని మాత్రం ఆ కారణానికి మించిపోయింది. ఫైలు లేదన్న ఒక్క మెసేజ్ వద్దనుకుని, ఆ కమాండ్ ఇకముందు ఎప్పుడు ఏం చెప్పబోయినా వినకుండా చేసేశారు. అనుమతి లేకపోయినా, డిస్కు పాడైనా, ఆప్షన్ తప్పు రాసినా, అసలు ఆ కమాండే ఆ సర్వర్ మీద లేకపోయినా అన్నీ ఒకే గోతిలోకి పోతాయి. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడం అంటే ఇదే.

మెసేజ్‌లు అసలు ఆపకూడదు అనేవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళతోనూ నాకు పేచీ ఉంది, దాని సంగతి తర్వాత చెబుతాను. ముందు ఆ గోతిలో ఏం పోతోందో చూద్దాం.

ఫైలు తెరవడం కుదరకపోతే లైనక్స్ కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) ఊరికే కుదరలేదని చెప్పి వదిలేయదు. ఎందుకు కుదరలేదో ఒక నంబరు ఇచ్చి మరీ చెబుతుంది. ఫైలే లేకపోతే 2. ఫైలు ఉంది కానీ మీకు అనుమతి లేకపోతే 13. డిస్కు నుంచి చదవడంలోనే తేడా వస్తే 5. రాయబోతే జాగా లేకపోతే 28. ఫైల్ సిస్టమ్ రీడ్-ఓన్లీగా మారిపోయి ఉంటే 30. ఎన్ఎఫ్ఎస్ షేర్ (నెట్‌వర్క్ మీదుగా వాడుకునే వేరే సర్వర్‌లోని డైరెక్టరీ) అవతలి వైపు మారిపోయి, మన దగ్గరున్న హ్యాండిల్ చెల్లకుండా పోతే 116. ఒక్కొక్కటి ఒక్కో రకమైన కబురు. మొదటిది చాలాసార్లు మామూలు సంగతి, మిగిలినవి అర్ధరాత్రి లేచి చూడాల్సినవి.

ఈ నంబరు మన కమాండ్లని నడిపే షెల్‌కి చేరదు. ఫైలులో ఉన్నది చూపించే క్యాట్ లాంటి కమాండ్ ఆ నంబరు తీసుకుని, దాన్ని "నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ" అనో "పర్మిషన్ డినైడ్" అనో ఒక వాక్యంగా మార్చి స్టాండర్డ్ ఎర్రర్ అనే ఫిర్యాదుల దారిలోకి పంపిస్తుంది. షెల్‌కి దక్కేది ఎగ్జిట్ కోడ్ ఒక్కటే: పని జరిగితే 0, జరగకపోతే మరో నంబరు. ఫైలు లేకపోయినా, అనుమతి లేకపోయినా, డిస్కు పాడైనా క్యాట్ ఇచ్చేది అదే 1. కెర్నెల్ అంత వివరంగా చెప్పిన తేడా అంతా చివరికి ఆ ఒక్క వాక్యంలోనే బతికి ఉంటుంది. మనం డెవ్ నల్‌లోకి తోసేది సరిగ్గా ఆ వాక్యాన్నే. ఆ తర్వాత స్క్రిప్టుకి గానీ, దాన్ని నడిపే మనిషికి గానీ ఏం జరిగిందో తెలుసుకునే దారి లేదు.

అసలు స్టాండర్డ్ ఎర్రర్ పుట్టిందే ఇలాంటి ఒక మెసేజ్ వల్ల. 1970లలో బెల్ ల్యాబ్స్‌లో యూనిక్స్ వాళ్ళు డాక్యుమెంట్లని ఫొటోటైప్‌సెట్టర్ మీద అచ్చు వేసుకునేవారు. పొడుగాటి ఫొటో కాగితం మీద అక్షరాలు పడ్డాక దాన్ని కంపు కొట్టే డెవలపింగ్ మెషీన్‌లో పెట్టి కొన్ని నిమిషాలు ఆగాలి. అప్పట్లో ప్రోగ్రాం ఫలితాలూ ఫిర్యాదులూ ఒకే దారిలో వచ్చేవి. ఒకరోజు మధ్యాహ్నం నలుగురైదుగురికి ఒకే అనుభవం ఎదురైంది. అంత శ్రమా పడి కాగితం తీసి చూస్తే, దాని మీద అందమైన అక్షరాల్లో ఒకే ఒక లైన్ ఉంది: ఫలానా ఫైలు తెరవలేకపోయాను అని. వాళ్ళ సణుగుడు వినాల్సినవాళ్ళ చెవిన పడింది, రెండు రోజుల్లో ఫిర్యాదులకి వేరే దారి వచ్చింది. యాక్ ప్రోగ్రాం రాసిన స్టీవ్ జాన్సన్ చెప్పిన కథ ఇది. 0 లోపలికి, 1 ఫలితాలకి, 2 ఫిర్యాదులకి అని మనం ఇవాళ వాడుతున్న ఏర్పాటు అక్కడి నుంచి వచ్చింది.

ఈ కథలో నాకు నచ్చేది వాళ్ళు ఎంచుకున్న పరిష్కారం. కాగితాలు పాడవుతున్నాయి కాబట్టి మెసేజ్ తీసేద్దాం అని వాళ్ళు అనుకోలేదు. ఫలితంలో కలవకుండా, మనిషికి కనబడేలా దాన్ని పక్కకి జరిపారు. అంత ఆలోచించి వేసిన ఆ రెండో దారిని మనం అలవాటుగా మూసేస్తున్నాం.

ఇక మెసేజ్‌లేవీ ఆపకూడదు అనేవాళ్ళ సంగతి. చెప్పిన వేళకి పనులు నడిపే క్రాన్‌లో స్క్రిప్టు ఏదైనా పైకి రాస్తే దాన్ని క్రాన్ మెయిల్ చేస్తుంది. రోజూ రాత్రి "పాత లాక్ ఫైలు లేదు", "నిన్నటి టెంప్ ఫైలు లేదు" అని మెయిల్ వస్తుంటే మొదటి వారం చదువుతారు. తర్వాత ఔట్‌లుక్‌లో ఒక రూల్ పెట్టి ఆ మెయిళ్ళన్నీ ఎవరూ తెరవని ఫోల్డర్‌లోకి పంపిస్తారు. డిస్కు నిండిందని ఒకరోజు నిజంగా మెయిల్ వస్తే అదీ అక్కడికే పోతుంది. డెవ్ నల్ పెట్టకుండానే డెవ్ నల్ పని జరిగిపోయింది. అందుకే మామూలు సంగతిని ఎర్రర్‌లా చెప్పే మెసేజ్‌ని ఆపడం మంచి పని అని నేను గట్టిగా నమ్ముతాను. అది ఉన్నంతకాలం అసలు ఎర్రర్‌కి విలువ ఉండదు. కాకపోతే ఆపేది ఆ ఒక్కదాన్నే అయ్యుండాలి. అది సాధ్యమా అంటే, చాలా చోట్ల మనకోసం ముందే చేసి పెట్టారు.

ఫైళ్ళు తీసేసే ఆర్ఎం కమాండ్‌కి ఉన్న మైనస్ ఎఫ్ ఆప్షన్ తీసుకోండి. చాలామంది దీన్ని "ఏదైనా సరే బలవంతంగా తీసెయ్" అనే అర్థంలో గుర్తుపెట్టుకుంటారు. యూనిక్స్ తరహా సిస్టమ్‌లకి ఉమ్మడిగా ఉన్న పోసిక్స్ ప్రమాణం ప్రకారం అది చేసేవి రెండు పనులు: తీసేయాలా అని అడగదు, చెప్పిన ఫైలు లేకపోతే మాట్లాడదు. లేకపోవడం వల్ల ఎగ్జిట్ కోడ్ కూడా మారదు. అంతే. డైరెక్టరీలో రాసే అనుమతి లేకపోతే మైనస్ ఎఫ్ ఉన్నా "పర్మిషన్ డినైడ్" అంటుంది, ఎగ్జిట్ కోడ్ కూడా విఫలమనే వస్తుంది. ఫైల్ సిస్టమ్ రీడ్-ఓన్లీ అయితే అదీ చెబుతుంది. ఫైలు అనుకుని డైరెక్టరీ పేరు ఇస్తే అదీ చెబుతుంది. మనకి కావలసిన కొలతకి సరిగ్గా కుట్టిన ఆప్షన్ ఇది. దీని పక్కనే 2>/డెవ్/నల్ కూడా పెట్టేవాళ్ళని చూస్తే నాకు బాధగా ఉంటుంది. లేని ఫైలు గురించి మైనస్ ఎఫ్ ఎలాగూ నోరు మూసుకుంది. ఇక ఆ రెండోది ఆపేవన్నీ వినాల్సిన మాటలే.

మైనస్ ఎఫ్‌ని పొగిడాను కాబట్టి ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. 2015 జనవరిలో స్టీమ్ అనే గేమ్‌ల ప్రోగ్రాం లైనక్స్ క్లయింట్ స్క్రిప్టులో బయటపడ్డ బగ్ చాలామందికి గుర్తుండే ఉంటుంది. స్టీమ్ ఏ డైరెక్టరీలో ఉందో కనుక్కుని ఒక వేరియబుల్‌లో పెట్టి, దాని కింద ఉన్నవన్నీ, లోపలి డైరెక్టరీలతో సహా, ఆర్ఎం మైనస్ ఆర్ఎఫ్‌తో తీసేసే లైన్ అది. ఆ డైరెక్టరీలోకి సీడీ కమాండ్‌తో వెళ్ళడం కుదరకపోతే వేరియబుల్ ఖాళీగా మిగిలిపోయేది. అప్పుడు తీసేయాల్సిన జాబితా రూట్ నుంచి మొదలయ్యేది. ఒక యూజర్ హోమ్ డైరెక్టరీతో పాటు బయట తగిలించిన డిస్కులోవి కూడా పోయాయి. ఆ లైన్ పైన "స్కేరీ!" అని కామెంట్ కూడా ఉంది. ఇక్కడ లేకుండా పోయిన డైరెక్టరీ గురించి స్క్రిప్టు అక్కడే ఆగి అడగాల్సింది. విలువ ఇవ్వని వేరియబుల్ వాడితే స్క్రిప్టుని ఆపేసే సెట్ మైనస్ యు పెట్టి ఉన్నా లాభం లేదు, ఎందుకంటే వేరియబుల్‌కి విలువ ఇచ్చారు, ఆ విలువ ఖాళీ. వేరియబుల్ పేరు తర్వాత కోలన్, ప్రశ్నార్థకం పెట్టే పద్ధతి ఒకటి ఉంది. అది లేని విలువనీ ఖాళీ విలువనీ రెండింటినీ పట్టుకుని స్క్రిప్టుని ఆపేస్తుంది. ఆర్ఎం మైనస్ ఆర్ఎఫ్ పక్కన వేరియబుల్ ఉంటే అది లేకుండా నేను అప్రూవ్ చేయను.

ఫైళ్ళలో మాటలు వెతికే గ్రెప్‌కి మైనస్ ఎస్ ఉంది. లేని ఫైళ్ళు, చదవలేని ఫైళ్ళ గురించిన మెసేజ్‌లు మాత్రమే ఆపుతుంది. ఆర్ఎం మైనస్ ఎఫ్ అంత కచ్చితమైనది కాదు, అనుమతి లేకపోవడాన్ని కూడా దాచేస్తుంది. కానీ ప్యాటర్న్ తప్పు రాస్తే చెబుతుంది. పైగా ఎగ్జిట్ కోడ్‌ని మార్చదు: దొరికితే 0, దొరకకపోతే 1, ఏదైనా తేడా జరిగితే 2. ఈ 1కీ 2కీ మధ్య తేడా చూసే స్క్రిప్టులు అరుదు. అందరూ "సున్నా కాకపోతే దొరకలేదన్నట్టు" అనుకుని ముందుకి పోతారు. కాన్ఫిగ్ ఫైలే లేని సర్వర్ మీద "ఆ సెట్టింగ్ ఆఫ్‌లో ఉంది" అని రిపోర్ట్ ఇచ్చే ఆడిట్ స్క్రిప్టులు ఇలాగే పుడతాయి.

ఈ విషయంలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఫైళ్ళు కాపీ చేసే ఆర్‌సింక్. నడుస్తున్న సర్వర్ నుంచి కాపీ చేస్తున్నప్పుడు, జాబితా తయారు చేసుకున్నాక కొన్ని ఫైళ్ళు మాయమవుతాయి. మెయిల్ క్యూ, సెషన్ ఫైళ్ళు అలాంటివి. అది మామూలే. దానికి ఆర్‌సింక్ ఎగ్జిట్ కోడ్ 24. మీరు పేరు పెట్టి అడిగిన ఫైలే అసలు లేకపోతే, అనుమతి లేకపోతే, 23. రెండు చోట్లా కెర్నెల్ చెప్పింది "ఫైలు లేదు" అనే అయ్యుండొచ్చు. కానీ ఇందాక ఉండి ఇప్పుడు పోయిన ఫైలు వేరు, ఉంటుందని మీరు చెప్పగా లేని ఫైలు వేరు అని ఆర్‌సింక్ రాసినవాళ్ళు గుర్తించారు. 24 వస్తే పర్వాలేదని, ఆ మాయమైన ఫైళ్ళ మెసేజ్‌లు మాత్రం వడకట్టి మిగిలినవి పైకి వదిలే చిన్న స్క్రిప్టుని సోర్స్‌తో పాటే ఇస్తారు. ఆ స్క్రిప్టు తెరిచి చదవండి. ఎర్రర్ ఆపడం ఎలాగో నేర్చుకోవడానికి అంతకన్నా మంచి పాఠం నేను చూడలేదు.

కాన్ఫిగ్ ఫైళ్ళలో కూడా ఇదే మర్యాద కనబడుతుంది. లాగ్ ఫైళ్ళు పెరిగిపోకుండా చూసే లాగ్‌రొటేట్‌లో ఒక్కో లాగ్ కింద మిస్సింగ్‌ఓకే అని రాస్తే, ఆ లాగ్ లేకపోయినా మాట్లాడకుండా తర్వాతదానికి వెళ్తుంది. రాయకపోతే ఎర్రర్ చెబుతుంది. సర్వీసులని నడిపే సిస్టమ్‌డీలో, సెట్టింగ్‌లు చదివే ఎన్విరాన్‌మెంట్‌ఫైల్ దగ్గర దారి ముందు ఒక మైనస్ గుర్తు పెడితే ఆ ఫైలు ఉన్నా లేకపోయినా ఒకటే. ప్రోగ్రాం బిల్డ్ చేసే మేక్‌ఫైల్‌లో, వేరే ఫైలుని కలుపుకునే ఇంక్లూడ్ ముందు మైనస్ పెట్టినా అంతే. ఈ మూడింటిలోనూ ఉండకపోవడానికి అనుమతి ఏ ఫైలుకి ఇస్తున్నామో ఆ ఫైలు పక్కనే రాసి ఉంటుంది. చదివేవాడికి రాసినవాడి ఉద్దేశం తెలుస్తుంది.

షెల్‌లో అలాంటి గుర్తు లేదు కాబట్టి చాలామంది ముందు ఫైలు ఉందో లేదో చూసి తర్వాత పని చేస్తారు. చదివి వదిలేసే చిన్న కాన్ఫిగ్‌లకి అది చాలు. కానీ చూడటానికీ తెరవడానికీ మధ్య ఫైలు పోవచ్చు. పైగా ఆ టెస్ట్ కూడా అంత నమ్మదగింది కాదు. పై డైరెక్టరీలోకి వెళ్ళే అనుమతి మీకు లేకపోతే లోపల ఫైలు ఉన్నా "లేదు" అంటుంది. వేరే ఫైలుకి దారి చూపే సిమ్‌లింక్ ఉండి దాని అవతలి ఫైలు పోయినా "లేదు" అంటుంది. నేను ఎక్కువగా వాడే పద్ధతి తిరగేసినది. ముందు పని చేయించి, మెసేజ్‌ని ఒక వేరియబుల్‌లో పట్టుకుంటాను. పని జరిగితే సరే. జరగకపోతే అప్పుడు చూస్తాను: పై డైరెక్టరీలోకి వెళ్ళగలుగుతున్నానా, ఫైలు నిజంగా లేదా. రెండూ అవునంటే నోరు మూసుకుంటాను. లేకపోతే పట్టుకున్న మెసేజ్‌ని ఉన్నదున్నట్టు స్టాండర్డ్ ఎర్రర్‌లోకి వదిలి స్క్రిప్టుని ఆపేస్తాను. ఫంక్షన్‌గా రాసుకుంటే పది లైన్లు. మెసేజ్‌లోని అక్షరాలు పోల్చి చూసే పద్ధతి కూడా ఉంది కానీ, సర్వర్ లొకేల్ (భాష సెట్టింగ్) మారితే ఆ వాక్యం మారిపోతుంది. అలా చేసేవాళ్ళు ఎల్‌సీ ఆల్‌ని సి అని పెట్టుకుని తీరాలి.

మధ్యలో ఒక చిన్న సంగతి, ఎందుకంటే దీని గురించి నన్ను చాలామంది అడిగారు. క్యాట్ < ఫైలు అని రాసి చివర 2>/డెవ్/నల్ పెట్టినా ఎర్రర్ వస్తుంది. ఆ ఫైలుని తెరిచేది క్యాట్ కాదు, షెల్. షెల్ ఎడమ నుంచి కుడికి చూసుకుంటూ పోతుంది కాబట్టి, మీ డెవ్ నల్ దగ్గరకి చేరేలోపే ఫైలు దగ్గర ఆగిపోయి తన మెసేజ్ తాను చెప్పేసింది.

ఇక స్టార్ గుర్తు. డాట్ లాగ్ ఫైళ్ళు ఒక్కటీ లేని డైరెక్టరీలో స్టార్ డాట్ లాగ్ (పేరు ఏదైనా సరే, డాట్ లాగ్‌తో ముగిసేవన్నీ) అని రాస్తే బ్యాష్ అనే షెల్ ఆ స్టార్‌ని అలాగే కమాండ్‌కి ఇచ్చేస్తుంది. "స్టార్ డాట్ లాగ్ అనే ఫైలు లేదు" అన్న వింత మెసేజ్ వచ్చేది అందుకే. దీనికి నల్‌గ్లాబ్ అనే సెట్టింగ్ మందు. ఏదీ దొరకకపోతే ఆ స్టార్ మాయమైపోతుంది. ఫర్ లూప్‌లో ఇది చక్కగా పనిచేస్తుంది, లూప్ ఒక్కసారి కూడా తిరగదు. కానీ ఎల్ఎస్ పక్కన వాడితే, పేరేదీ మిగలదు కాబట్టి డైరెక్టరీలో ఉన్నవన్నీ చూపిస్తుంది. క్యాట్ పక్కన వాడితే కీబోర్డ్ కోసం ఎదురు చూస్తూ స్క్రిప్టు నిలబడిపోతుంది. లూప్ ముందు పెట్టి లూప్ తర్వాత తీసేయడం క్షేమం.

ఇంతవరకు చెప్పినవన్నీ పాటించినా చాలని సందర్భం ఒకటుంది. ఇంతకుముందు నేను పనిచేసిన ఒక కంపెనీలో బ్రాంచిల నుంచి రోజూ ఫైళ్ళు ఒక ఎన్ఎఫ్ఎస్ షేర్‌లోకి వచ్చేవి. రాత్రి స్క్రిప్టు వాటిని ఏరి డేటాబేస్‌లోకి ఎక్కించేది. ఆదివారాలు, పండగలు ఫైళ్ళు రావు కాబట్టి, ఫైళ్ళు లేకపోతే మాట్లాడకుండా వెళ్ళిపోయేలా దాన్ని రాశారు. ఒకసారి ప్యాచింగ్ తర్వాత సర్వర్ రీబూట్ అయ్యి షేర్ మౌంట్ కాలేదు, అంటే మా సర్వర్‌కి తగులుకోలేదు. మౌంట్ కావాల్సిన చోట ఖాళీ డైరెక్టరీ ఉంది. స్క్రిప్టు ప్రతి రాత్రీ వెళ్ళి చూసి, ఫైళ్ళేవీ లేవని తేల్చుకుని, విజయవంతంగా ముగిసేది. డ్యాష్‌బోర్డ్ మీద పచ్చ చుక్క. నెలాఖరున లెక్కలు కలవక అకౌంట్స్ వాళ్ళు అడిగితే తప్ప ఎవరికీ తెలియలేదు. ఆ టెన్షన్ పడ్డ టీమ్‌లో ఒక్కరు కూడా నిర్లక్ష్యంగా పనిచేసినవాళ్ళు కారు.

ఇక్కడ కెర్నెల్ అబద్ధం చెప్పలేదు. ఫైళ్ళు నిజంగానే లేవు. ఆపింది కూడా ఆ ఒక్క మెసేజ్‌నే. లేకపోయింది ముందు వేయాల్సిన ప్రశ్న: నేను చూస్తున్నది సరైన చోటేనా? ఈ డైరెక్టరీలో నిజంగా ఏదైనా మౌంట్ అయిందా అని చూసే మౌంట్‌పాయింట్ మైనస్ క్యూ అన్న ఒక్క లైన్ ఆ ప్రశ్న వేస్తుంది. అది ఉంటే మొదటి రాత్రే స్క్రిప్టు గోల చేసేది. ఫైలు లేకపోయినా పర్వాలేదని చెప్పే హక్కు, అది ఉండాల్సిన చోటు ఉందని రుజువు చేసుకున్నాకే వస్తుంది.

లేని ఫైలు మీద మౌనం ఎంత ఖరీదు కాగలదో, కోడ్ దాచుకునే సైట్ నడిపే గిట్‌ల్యాబ్ వాళ్ళు 2017లో దాచుకోకుండా ప్రపంచానికి చెప్పారు. జనవరి 31న ఒక ఇంజనీర్ రెండో సర్వర్ అనుకుని ప్రధాన డేటాబేస్ సర్వర్ మీద డేటా డైరెక్టరీ తీసేశారు. అందరూ ఆ సంగతే గుర్తుంచుకున్నారు. నాకు ముఖ్యమైనది ఆ తర్వాతది. బ్యాకప్‌ల కోసం వెతికితే పీజీ డంప్ (పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌ని ఫైలుగా తీసే ప్రోగ్రాం) బ్యాకప్‌లు ఒక్కటీ లేవు. డేటాబేస్ 9.6 వెర్షన్, డంప్ తీసే ప్రోగ్రాం 9.2. వెర్షన్లు కలవక డంప్ ప్రతిసారీ విఫలమైంది. 9.2 ఎందుకు నడిచింది? ఏ వెర్షన్ వాడాలో చెప్పే పీజీ వెర్షన్ అనే చిన్న ఫైలు బ్యాకప్ నడిచే సర్వర్ల మీద లేదు. ఆ ఫైలు లేకపోతే ఎవరికీ చెప్పకుండా పాత వెర్షన్ తీసుకునేలా ప్యాకేజీ ఉంది. విఫలమైన క్రాన్ పని పంపిన మెయిళ్ళు, పంపినవాళ్ళు అసలువాళ్ళేనా అని చూసే డీమార్క్ తనిఖీలో తిరస్కరణకి గురై ఎవరికీ చేరలేదు. ఆరు గంటల క్రితం చేత్తో తీసిన ఒక స్నాప్‌షాట్ ఉండబట్టి, ఆరు గంటల డేటా నష్టంతో బయటపడ్డారు. ఒక ఫైలు లేదన్న మాట ఎవరైనా గట్టిగా చెప్పి ఉంటే, బ్యాకప్‌ల లోటు ఆ రాత్రికి చాలా ముందే తెలిసేది.

టెర్మినల్‌లో కూర్చుని రూట్ నుంచి ఫైళ్ళు వెతికే ఫైండ్ కొడుతున్నప్పుడు 2>/డెవ్/నల్ పెట్టడం మీద నాకే అభ్యంతరమూ లేదు. మనిషి ఎదురుగా ఉన్నాడు, ఫలితం తేడాగా ఉంటే మళ్ళీ కొట్టి చూసుకుంటాడు. స్క్రిప్టు ముందు ఎవరూ కూర్చోరు. అదే ఫైండ్‌ని స్క్రిప్టులో పెడితే, నడుస్తుండగా మాయమయ్యే ఫైళ్ళ కోసం గ్నూ ఫైండ్‌లో ఇగ్నోర్ రీడ్‌డిర్ రేస్ అనే ఆప్షన్ ఉంది, అది వాడండి. విజయవంతంగా ముగిసినా ఏదో ఒకటి సణిగే ప్రోగ్రాములకి మోర్‌యుటిల్స్ ప్యాకేజీలో క్రానిక్ ఉంది. కమాండ్ విఫలమైతేనే అది చెప్పినదంతా బయటికి వదులుతుంది. అదీ కుదరకపోతే తేదీ వేసిన లాగ్ ఫైలులోకి పంపండి, వెనక్కి వెళ్ళి చదవడానికైనా ఉంటుంది.

మా టీమ్‌లో ఇప్పుడు ఒక నియమం పెట్టుకున్నాం. స్క్రిప్టులో 2>/డెవ్/నల్ గానీ, చివర "లేకపోతే ట్రూ" అనే రెండు నిలువు గీతలు (విఫలమైనా విజయంగానే లెక్కించమనేవి) గానీ కనబడితే, పై లైన్‌లో కామెంట్ ఉండాలి: ఏ ఫైలు, ఏ సందర్భంలో ఉండకపోవచ్చు, మిగిలిన ఎర్రర్లు ఇక్కడ ఎందుకు రావు. ఆ మూడో దానికి జవాబు రాయబోయి చాలామంది తమంతట తామే దాన్ని తీసేసి మైనస్ ఎఫ్ పెట్టుకుంటారు. రాయలేకపోయినవాళ్ళని దాన్ని తీసేసి టెస్ట్ సర్వర్ మీద రెండు వారాలు నడపమంటాను. ఏమేం మెసేజ్‌లు వచ్చాయో చూశాక, ఏది ఆపాలో అప్పుడు కూర్చుని మాట్లాడుకుంటాం.